మానిటర్ లేదు, కీబోర్డ్ లేదు: చిన్న బోర్డుని వైఫై మీద ఫోన్‌తో నడిపిద్దాం

ఈ ఎపిసోడ్‌లో రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న బోర్డుని సెటప్ చేద్దాం. మానిటర్ పెట్టం, కీబోర్డ్ పెట్టం, మౌస్ కూడా పెట్టం. మొదటిసారి ఆన్ చేసిన దగ్గర్నుంచే వైఫై మీద, మన ఫోన్ నుంచే దాన్ని నడిపిస్తాం. దీన్ని హెడ్‌లెస్ సెటప్ అంటారు, అంటే తల లేని కంప్యూటర్ అన్నమాట. ఇంకో చిన్న మాట. తెలుగులో ‘పై’ అంటే వేరే అర్థం కూడా ఉంది కదా, ‘పై మీద ఎస్‌డీ కార్డు పెట్టండి’ అంటే నాకే నవ్వొస్తుంది. కాబట్టి ఇక్కడి నుంచి ‘బోర్డు’ అనే అంటాను.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో చెప్తాను. చాలామంది స్టూడెంట్స్ పాకెట్ మనీ దాచుకుని ఈ బోర్డు కొంటారు. యూట్యూబ్‌లో ఏదో వీడియో చూసి కార్డు రెడీ చేస్తారు, పవర్ ఇస్తారు. గ్రీన్ లైట్ నాలుగుసార్లు మిణుకుమంటుంది. ఆ తర్వాత ఏమీ జరగదు. స్క్రీన్ లేదు కాబట్టి లోపల ఏమవుతుందో తెలీదు. ఇక నాకు మెసేజ్ వస్తుంది: ‘అన్నా, బోర్డు డెడ్ అయిపోయింది, రిటర్న్ పెట్టేయనా?’ పెట్టకండి. చాలాసార్లు ఆ బోర్డు బతికే ఉంటుంది. మీ వైఫై పేరు దొరక్క వెతుక్కుంటూ ఉంటుంది, లేదా కనెక్ట్ అయ్యి మీరెప్పుడు వస్తారా అని ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో కనుక్కోవడం వస్తే చాలు, డబ్బులూ మిగులుతాయి, రెండు రోజుల టైమూ మిగులుతుంది.

ముందు బోర్డు సంగతి. జీరో 2 డబ్ల్యూ 2021 అక్టోబర్‌లో వచ్చింది, కంపెనీ ప్రకటించిన ధర 15 డాలర్లు. మన దగ్గర షాపుని బట్టి రేటు మారుతుంది. 512 ఎంబీ ర్యామ్, నాలుగు కోర్ల ప్రాసెసర్, వైఫై, బ్లూటూత్ అన్నీ ఉన్నాయి. సైజు చూస్తే చూయింగ్ గమ్ ప్యాకెట్ అంత. మానిటర్‌కి పెట్టాలంటే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ పట్టదు, మినీ హెచ్‌డీఎంఐ అడాప్టర్ కావాలి. కీబోర్డ్ పెట్టాలంటే ఇంకో అడాప్టర్. అంటే ఒక్కసారి సెటప్ చేయడానికి కొన్న సామాను తర్వాత డ్రాయర్‌లో పడి ఉంటుంది. అందుకే హెడ్‌లెస్ అనేది ఇక్కడ స్టైల్ కోసం కాదు, అవసరం. పైగా ఈ బోర్డుని మీరు ఎక్కడ పెడతారో ఆలోచించండి. డాబా మీద వాటర్ ట్యాంకు దగ్గర సెన్సర్‌తో పెట్టారనుకోండి, అక్కడికి మానిటర్ ఎవరు మోస్తారు?

ఫోన్‌తో నడిపిద్దాం అన్నాను కదా, ఒక్క చోట మాత్రం కంప్యూటర్ కావాలి. ఎస్‌డీ కార్డు మీద ఆపరేటింగ్ సిస్టమ్ రాయడానికి. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ విండోస్, మ్యాక్, లినక్స్‌లో నడుస్తుంది. ఫ్రెండ్ లాప్‌టాప్ ఓ అరగంట అడగండి, కాలేజీ ల్యాబ్‌లో పర్మిషన్ ఉంటే ఇంకా మంచిది. ఇంకా కావాల్సినవి ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, 16 జీబీ అయినా 32 అయినా సరిపోతుంది. ఒక కార్డ్ రీడర్. 5 వోల్టులు, 2.5 ఆంప్స్ ఇవ్వగల చార్జర్. ఒక మైక్రో యూఎస్‌బీ కేబుల్. బోర్డు మీద ఒకేలాంటి పోర్టులు రెండు పక్కపక్కన ఉంటాయి. పవర్ అని రాసి ఉన్న పోర్టుకే చార్జర్ పెట్టండి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. హెడ్‌లెస్ సెటప్‌లో మీరు చేయాల్సిన పని దాదాపు మొత్తం బోర్డు ఆన్ చేయకముందే అయిపోవాలి. బోర్డు నిద్రలేచేసరికి దాని పేరేంటి, ఓనర్ ఎవరు, ఏ వైఫైకి వెళ్లాలి, బయటి నుంచి ఎవరైనా వస్తే తలుపు తీయాలా వద్దా, ఈ నాలుగూ కార్డులో రాసి ఉండాలి. ఊరు వెళ్లే చిన్నపిల్లాడి జేబులో అడ్రస్ చీటీ పెట్టి పంపుతాం చూడండి, అలా. చీటీలో ఒక్క అక్షరం తప్పయినా పిల్లాడు బస్టాండ్‌లోనే నిలబడిపోతాడు.

ఇక్కడే పాత వీడియోలతో చిక్కు. సెర్చ్ చేస్తే పైన వచ్చే వీడియోలు చాలావరకు పాతవి. వాటిలో మూడు మాటలు వినిపిస్తాయి. ఒకటి, యూజర్‌నేమ్ ‘పై’, పాస్‌వర్డ్ ‘రాస్ప్‌బెర్రీ’ అని కొట్టండి అంటారు. ఆ డిఫాల్ట్ యూజర్‌ని 2022 ఏప్రిల్ అప్‌డేట్‌లోనే తీసేశారు. ఇప్పుడు యూజర్‌ని మీరే తయారు చేసుకోవాలి. రెండు, నోట్‌ప్యాడ్‌లో డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ఫైల్ రాసి కార్డులో పెట్టండి అంటారు. 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వర్మ్ వెర్షన్ నుంచి వైఫై పని నెట్‌వర్క్ మేనేజర్ చూసుకుంటోంది, ఆ ఫైల్‌ని ఎవరూ పట్టించుకోరు. మీరు ఎంత జాగ్రత్తగా రాసినా వేస్ట్. మూడు, రిమోట్ యాక్సెస్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది అంటారు. 2016 నవంబర్ నుంచి అది ఆఫ్‌లోనే వస్తోంది.

ఎందుకు ఆఫ్ చేశారో తెలుసా? అదే ఏడాది మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచాన్ని కుదిపేసింది. ఇంటర్నెట్‌కి తగిలించి వదిలేసిన కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లను వెతికి పట్టుకుని, ఫ్యాక్టరీలో ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని వాటిలో దూరేది. అలా పోగేసిన సైన్యంతో 2016 అక్టోబర్‌లో డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద దాడి జరిగితే, ట్విట్టర్ లాంటి పెద్ద పెద్ద సైట్లు అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. దూరడానికి ఆ మాల్‌వేర్‌కి పెద్ద తెలివి అవసరం పడలేదు, డిఫాల్ట్ పాస్‌వర్డ్‌ల లిస్ట్ ఒకటి చాలింది. లక్షల మంది ఒకే పాస్‌వర్డ్‌తో బోర్డులు వదిలేస్తే ఏమవుతుందో అర్థమైంది కదా. అందుకే ఇమేజర్ మిమ్మల్ని అన్ని ప్రశ్నలు అడుగుతుంటే విసుక్కోకండి.

సరే, ఇమేజర్ ఓపెన్ చేద్దాం. లేటెస్ట్ వెర్షనే డౌన్‌లోడ్ చేసుకోండి, పాత ఇమేజర్‌తో కొత్త ఓఎస్ రాస్తే మీరిచ్చిన సెట్టింగ్స్ ఎక్కకపోవచ్చు. డివైస్‌లో జీరో 2 డబ్ల్యూ, ఓఎస్‌లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్, 64 బిట్. లైట్ అంటే డెస్క్‌టాప్ ఉండదు, కమాండ్ లైన్ మాత్రమే. 512 ఎంబీ ర్యామ్‌కి అదే హాయి. స్టోరేజ్‌లో మీ కార్డు సెలెక్ట్ చేసేటప్పుడు సైజు రెండుసార్లు చూసుకోండి. ఫ్రెండ్ హార్డ్ డిస్క్ సెలెక్ట్ చేశారంటే ఫ్రెండ్‌షిప్ కూడా ఫార్మాట్ అయిపోతుంది.

తర్వాత కస్టమైజేషన్ సెట్టింగ్స్. వెర్షన్‌ని బట్టి స్క్రీన్ కొంచెం వేరుగా ఉండొచ్చు, అడిగే విషయాలు మాత్రం అవే. హోస్ట్‌నేమ్ అంటే బోర్డు పేరు. నేను ‘ట్యాంకు’ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పెడుతున్నాను. స్పేస్‌లు వద్దు. యూజర్‌నేమ్ మీ ఇష్టం, అదీ చిన్న అక్షరాల్లోనే. పాస్‌వర్డ్ మాత్రం మీ ఫోన్ నంబర్, 12345678 లాంటివి వద్దు. గుర్తుండే నాలుగు మాటలు కలిపి పెద్దగా పెట్టండి.

ఇప్పుడు వైఫై. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే కనిపిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ అసలు కనబడదు. మీ ఇంటి రౌటర్‌లో రెండు పేర్లు ఉండి, ఒకదాని చివర ‘5జీ’ అని ఉంటే, ఆ పేరు ఇవ్వకండి, రెండోది ఇవ్వండి. అన్నట్టు ఆ 5జీకీ, మన ఫోన్ సిమ్ 5జీకీ సంబంధం లేదు. వైఫై పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం, మధ్యలో స్పేస్ అన్నీ లెక్కే. ఫోన్‌లో చూసి అక్షరం అక్షరం పోల్చుకోండి. కంట్రీ అడిగిన చోట ఇండియా పెట్టండి. ఏ చానెల్స్ వాడొచ్చో దేశాన్ని బట్టి ఉంటుంది, అది చెప్పకపోతే వైఫై ఆన్ కాకపోవచ్చు.

ఇంట్లో రౌటర్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీదే చేయాలి అనేవాళ్లు చాలామందే ఉన్నారు. హాయిగా చేయొచ్చు. ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాండ్‌ని 2.4కి మార్చండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడల్స్‌లో ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ అనే స్విచ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే 2.4కి వస్తుంది. ఐఫోన్‌లో ఇంకో తమాషా ఉంది. హాట్‌స్పాట్ పేరు మామూలుగా ‘ఫలానా వాళ్ల ఐఫోన్’ అని ఇంగ్లిష్‌లో ఉంటుంది కదా, అందులో పేరు తర్వాత వచ్చే అపాస్ట్రఫీ వంకర గుర్తు. మీరు లాప్‌టాప్‌లో కొట్టేది నిటారు గుర్తు. చూడటానికి ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం రెండూ వేరు. బోర్డు ఆ పేరు కోసం జీవితాంతం వెతుక్కుంటుంది. ఫోన్ పేరుని సింపుల్‌గా ఒక్క మాటకి మార్చేయండి, గొడవ వదిలిపోతుంది.

మరి హాస్టల్ వైఫై? దాని మీద ఆశ పెట్టుకోకండి. కనెక్ట్ అవ్వగానే బ్రౌజర్‌లో రోల్ నంబర్, పాస్‌వర్డ్ అడిగే పేజీ వస్తుందే, అలాంటి నెట్‌వర్క్‌లో ఈ బోర్డు ఇరుక్కుపోతుంది. దానికి స్క్రీన్ లేదు, ఆ పేజీలో టైప్ చేసేదెవరు? ఒకవేళ పేజీ లేకపోయినా, చాలా హాస్టళ్లలో, హోటళ్లలో ఒక డివైస్‌కి ఇంకో డివైస్ కనబడకుండా సెట్ చేస్తారు. క్లయింట్ ఐసొలేషన్ అంటారు దాన్ని. ఒక రకంగా అది మంచిదే, పక్క రూమ్ వాడు మీ ఫోన్‌ని తడమకుండా ఆపుతుంది. కానీ మీ బోర్డునీ మీకు దూరం చేస్తుంది. హాస్టల్‌లో ఉంటే హాట్‌స్పాటే దారి.

చివరగా ఎస్‌ఎస్‌హెచ్ ఎనేబుల్ చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ అంటే సెక్యూర్ షెల్. 1995లో ఫిన్లాండ్‌లో టాటు ఇలోనెన్ అనే ఆయన దీన్ని రాశారు. ఆయన యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు, దానికి విరుగుడుగా పుట్టిందిది. మీ ఫోన్‌కీ బోర్డుకీ మధ్య వెళ్లే ప్రతి అక్షరం తాళం వేసి వెళ్తుంది. ప్రస్తుతానికి పాస్‌వర్డ్ ఆప్షన్ పెట్టుకోండి.

రైట్ కొట్టండి, వెరిఫై అయ్యేదాకా ఆగండి. విండోస్‌లో ఒక భయపెట్టే బాక్స్ రావచ్చు: ‘ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని. క్యాన్సిల్ కొట్టండి! కార్డులో లినక్స్ భాగం విండోస్‌కి చదవడం రాదు, అందుకే అలా అంటుంది. ఫార్మాట్ నొక్కితే ఇప్పటిదాకా చేసిందంతా పోతుంది.

కార్డు బోర్డులో పెట్టి పవర్ ఇవ్వండి. ఇక ఐదు నిమిషాలు ముట్టుకోకండి. నిజంగా ఐదు నిమిషాలు, వెళ్లి టీ పెట్టుకోండి. మొదటిసారి ఆన్ అయినప్పుడు బోర్డు కార్డు మొత్తాన్ని వాడుకునేలా సర్దుకుంటుంది, మీ సెట్టింగ్స్ ఎక్కించుకుంటుంది, మధ్యలో తనే రీస్టార్ట్ అవుతుంది. ఒక నిమిషం చూసి ‘రాలేదు’ అని పవర్ పీకేస్తే, బాగున్న కార్డు కూడా పాడైపోవచ్చు. గ్రీన్ లైట్ అసలు వెలగలేదంటే మాత్రం ముందు కార్డుని అనుమానించండి, తర్వాత చార్జర్‌ని, కేబుల్‌ని. బోర్డు చివరి అనుమానితుడు.

ఇప్పుడు ఫోన్. ఆండ్రాయిడ్‌లో నేను టర్మక్స్ వాడతాను, ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకోండి. ఐఫోన్ వాళ్లకి టర్మియస్ ఉంది. టర్మక్స్‌లో ముందు ‘పీకేజీ ఇన్‌స్టాల్ ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్’ అని కొట్టండి, స్పెల్లింగ్ స్క్రీన్ మీద ఉంది, ‘ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్’ మధ్యలో స్పేస్ లేదు. తర్వాత: ఎస్‌ఎస్‌హెచ్, స్పేస్, మీ యూజర్‌నేమ్, ఎట్ గుర్తు, బోర్డు పేరు, డాట్ లోకల్. ఎంటర్.

ఆ ‘డాట్ లోకల్’ అనేది అందరి ఫోన్లలో పనిచేయదు, ముఖ్యంగా టర్మక్స్‌లో. లాప్‌టాప్‌లో మామూలుగా పనిచేస్తుంది. కాకపోతే పేరు బదులు ఐపీ అడ్రస్ కావాలి. రౌటర్ వెనక స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్ ఉంటుంది, దాన్ని బ్రౌజర్‌లో కొడితే లోపల కనెక్ట్ అయిన డివైస్‌ల లిస్ట్ దొరుకుతుంది. అందులో మీ బోర్డు పేరు, పక్కనే ఐపీ ఉంటాయి. ఫింగ్ లాంటి స్కానర్ యాప్ కూడా అదే పని చేస్తుంది. హాట్‌స్పాట్ వాడుతుంటే ‘కనెక్టెడ్ డివైసెస్’లో చూడండి, కొన్ని ఫోన్లలో ఐపీ కూడా చూపిస్తుంది.

అన్నీ బాగుంటే మొదటిసారి ఒక ప్రశ్న వస్తుంది, ఈ మెషీన్ నాకు తెలీదు, ముందుకెళ్లమంటారా అని. ‘ఎస్’ అని మూడక్షరాలూ టైప్ చేయాలి, ‘వై’ ఒక్కటే కొడితే ఒప్పుకోదు. తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొడుతుంటే స్క్రీన్ మీద ఏమీ కనబడదు, చుక్కలు కూడా రావు. కీబోర్డ్ పాడవలేదు ఫ్రెండ్స్, అది అలాగే ఉంటుంది. కొట్టి ఎంటర్ నొక్కండి.

కనెక్ట్ అవ్వలేదా? అయితే కార్డు మళ్లీ రాసేయకండి, ముందు ఎర్రర్ చదవండి. చాలామంది ‘ఎర్రర్ వచ్చింది’ అని ఆగిపోతారు, ఏ ఎర్రర్ అని అడిగితే చెప్పరు. వచ్చేవి ముఖ్యంగా నాలుగు రకాలు, ఒక్కోటి ఒక్కో కథ చెబుతుంది. బోర్డుని ఒక ఇల్లు అనుకోండి.

‘కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్‌నేమ్’ అంటే ఆ పేరుతో ఇల్లెక్కడుందో ఎవరికీ తెలీదు. బోర్డు తప్పు కాకపోవచ్చు, ఇందాక చెప్పిన డాట్ లోకల్ గొడవే కావచ్చు. ఐపీతో ట్రై చేయండి.

‘కనెక్షన్ టైమ్డ్ ఔట్’ లేదా ‘నో రూట్ టు హోస్ట్’ అంటే అడ్రస్ అయితే ఇచ్చారు, వెళ్తే అక్కడ ఎవరూ పలకలేదు. ఐపీ మారిపోయి ఉండొచ్చు, మీ ఫోన్ మొబైల్ డేటా మీద ఉండి బోర్డు వైఫై మీద ఉండొచ్చు, లేదా బోర్డు అసలు వైఫైకి చేరలేదు. రౌటర్ లిస్ట్‌లో బోర్డు పేరు లేకపోతే చివరిదే నిజం. అప్పుడు మాత్రం కార్డు మళ్లీ రాయాలి, ఈసారి వైఫై పేరు, పాస్‌వర్డ్, బ్యాండ్ జాగ్రత్తగా చూసుకుని. లిస్ట్‌లో ఉండి కూడా పలకడం లేదంటే ఆ క్లయింట్ ఐసొలేషన్ గుర్తు తెచ్చుకోండి. కొన్ని ఇంటి రౌటర్లలో ‘గెస్ట్’ వైఫై కూడా అలాగే చేస్తుంది.

‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ చూసి చాలామంది ఏడుపు మొహం పెడతారు. నన్నడిగితే ఇది శుభవార్త. మీరు కొట్టిన ఐపీ బోర్డుదే అయితే, ఇల్లు దొరికింది, లోపల మనిషి ఉన్నాడు, తలుపు మాత్రం తీయలేదు. అంటే బోర్డు బతికుంది, వైఫై పనిచేస్తోంది. ఇంకా పూర్తిగా లేవలేదేమో, రెండు నిమిషాలాగి ట్రై చేయండి. అప్పుడూ అదే వస్తే ఎస్‌ఎస్‌హెచ్ ఎనేబుల్ కాలేదు. దానికి కార్డు మొత్తం రాయక్కర్లేదు. బోర్డుకి పవర్ తీసేసి, కార్డుని లాప్‌టాప్‌లో పెట్టి, ‘బూట్ ఎఫ్ఎస్’ అని కనిపించే డ్రైవ్‌లో ‘ఎస్‌ఎస్‌హెచ్’ అనే పేరుతో ఖాళీ ఫైల్ ఒకటి పెట్టండి. పేరు చివర డాట్ టీఎక్స్‌టీ ఉండకూడదు, విండోస్ అది దాచేస్తుంది, చూసుకోండి. పాత వీడియోల్లో చెప్పిన చిట్కాల్లో ఇంకా పనిచేసేది ఇదొక్కటే.

‘పర్మిషన్ డినైడ్’ అంటే తలుపు తీశారు, మీరెవరో నమ్మలేదు. యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు. ఫోన్ కీబోర్డ్ మొదటి అక్షరాన్ని తనంతట తనే పెద్దది చేసిందేమో చూడండి.

ఇంకోటుంది, పెద్ద పెద్ద అక్షరాలతో ‘రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్’ అని, ఎవరో హ్యాక్ చేస్తున్నారేమో అని భయపెడుతుంది. కార్డు మళ్లీ రాసినప్పుడు బోర్డు గుర్తింపు కొత్తది అవుతుంది, మీ ఫోన్ పాతది గుర్తుపెట్టుకుని ఉంటుంది, అంతే. కార్డు మీరే రాశారు కాబట్టి ‘ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్, మైనస్ పెద్ద ఆర్, బోర్డు పేరు లేదా ఐపీ’ కొడితే పాత గుర్తు పోతుంది. మీరేమీ మార్చకుండా ఆ మెసేజ్ వచ్చిందంటే మాత్రం ఆగండి. ఐపీ వేరే డివైస్‌కి మారిందేమో చూసుకున్నాకే ముందుకెళ్లండి.

లోపలికి వచ్చాం. మొదటి పని అప్‌డేట్: ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘సుడో ఆప్ట్ ఫుల్ అప్‌గ్రేడ్’. ఫుల్‌కీ అప్‌గ్రేడ్‌కీ మధ్య హైఫన్ ఉంటుంది. ఈ బోర్డు మీద ఇది చాలాసేపు పడుతుంది. ఇక్కడ ఫోన్ యూజర్లకి ఒక ప్రమాదం ఉంది. స్క్రీన్ ఆఫ్ అయ్యాక బ్యాటరీ మిగల్చడానికి ఆండ్రాయిడ్ టర్మక్స్‌ని చంపేయొచ్చు. కనెక్షన్ తెగితే మధ్యలో ఉన్న అప్‌గ్రేడ్ కూడా ఆగిపోవచ్చు. అందుకే ముందు టీమక్స్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టీమక్స్’. ‘టీమక్స్’ అని కొట్టి, దాని లోపల అప్‌గ్రేడ్ నడపండి. ఇప్పుడు కాల్ వచ్చినా, బ్యాటరీ అయిపోయినా బోర్డులో పని నడుస్తూనే ఉంటుంది. మళ్లీ కనెక్ట్ అయ్యి ‘టీమక్స్ అటాచ్’ అంటే వదిలిన చోటే ఉంటారు. టర్మక్స్, టీమక్స్ పేర్లు కలగాపులగం అవుతాయి, ఒకటి ఫోన్‌లో, ఇంకోటి బోర్డులో, అంతే తేడా.

చార్జర్ సరిపోతోందా అని డౌట్ ఉంటే ‘వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్’ కమాండ్ కొట్టండి. జవాబులో 0 ఎక్స్ 0 అని వస్తే బంగారం. 0 ఎక్స్ 50000 లాంటిదేదో వస్తే మధ్యలో వోల్టేజ్ పడిపోయింది, చార్జర్ లేదా సన్న కేబుల్ మార్చండి.

ఇక బోర్డుని డాబా మీదికి తీసుకెళ్లే ముందు, అక్కడ వైఫై అందుతుందా? బోర్డుని పవర్ బ్యాంకుకి పెట్టుకుని పైకి వెళ్లి ‘ఎన్ఎంసీఎల్ఐ డెవ్ వైఫై లిస్ట్’ అని కొడితే చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌లు, వాటి సిగ్నల్ వందకి ఎంతో చూపిస్తుంది. స్లాబు కింద రౌటర్, స్లాబు మీద బోర్డు అంటే సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. మెట్ల గది తలుపు దగ్గర పెట్టినా చాలా తేడా వస్తుంది. బోర్డుని ఇనుప డబ్బాలో మాత్రం బిగించకండి, వైఫై బయటికి రాదు.

వైఫై పేరు తర్వాత మార్చాలంటే? దూరం నుంచి వైఫై మార్చడమంటే కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం. కొత్తదానికి కనెక్ట్ అవ్వమని కొట్టగానే మీ కనెక్షన్ తెగిపోతుంది, కొత్త పాస్‌వర్డ్ తప్పయితే బోర్డు ఎటూ కాకుండా పోవచ్చు. కాబట్టి పాతది తీసేయకండి. ‘సుడో ఎన్ఎంటీయూఐ’ అని కొడితే మెనూ వస్తుంది, అందులో ‘ఎడిట్ ఎ కనెక్షన్’లో కొత్త నెట్‌వర్క్‌ని యాడ్ చేసి సేవ్ చేయండి, అంతే. నేనైతే ప్రతి బోర్డులో నా ఫోన్ హాట్‌స్పాట్‌ని కూడా రెండో నెట్‌వర్క్‌గా పెడతాను. ఇంటి రౌటర్ పాడైనా, బోర్డు పక్కకెళ్లి హాట్‌స్పాట్ ఆన్ చేసి, బోర్డు ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే లోపలికి వెళ్లొచ్చు.

పాస్‌వర్డ్ బదులు కీ పెట్టుకుంటే ఇంకా భద్రం. టర్మక్స్‌లో ‘ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్’ కొట్టి పాస్‌ఫ్రేజ్ ఇవ్వండి, ఫోన్ పోయినా ఆ కీ వేరేవాళ్లకి సులభంగా పనికిరాదు. తర్వాత ‘ఎస్‌ఎస్‌హెచ్ కాపీ ఐడీ’ తర్వాత యూజర్‌నేమ్, ఎట్, బోర్డు ఐపీ కొడితే బోర్డులోకి మీ కీ వెళ్తుంది. పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా ఆపేయాలనుకుంటే, పాత కనెక్షన్ తెరిచి ఉంచే రెండో విండోలో కీతో వెళ్లగలుగుతున్నారో లేదో చూసి, అప్పుడు ఆపండి.

ఇప్పటిదాకా ఒకే వైఫైలో ఉన్నాం. ‘అన్నా, నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటా, బోర్డు ఊళ్లో ఉంది, ఎలా?’ అంటారా. పాత వీడియోలు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయండి, పోర్ట్ 22 తెరవండి అంటాయి. దయచేసి చేయకండి. పోర్ట్ 22 ఇంటర్నెట్‌కి తెరవగానే, ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రోగ్రామ్‌లో వచ్చి పాస్‌వర్డ్‌లు ట్రై చేయడం మొదలుపెడతాయి. మిరాయ్ కథ విన్నారు కదా. ఆ బోర్డు ఉన్న వైఫైలోనే అమ్మ ఫోన్‌ ఉంది, నాన్న బ్యాంక్ యాప్ ఉంది. పైగా మన దగ్గర చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది కస్టమర్లకి పంచుతారు, దాన్ని సీజీనాట్ అంటారు. అలాంటి చోట ఫార్వర్డింగ్ చేసినా బయటి నుంచి మీ ఇంటి దాకా రాదు.

దానికి బదులు రెండు మంచి దారులున్నాయి. ఒకటి టెయిల్‌స్కేల్. ఫోన్‌లో, బోర్డులో రెండు చోట్లా వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే, రెండూ పక్కపక్కనే ఉన్నట్టు ఒక ప్రైవేట్ నెట్‌వర్క్ తయారవుతుంది, రౌటర్‌లో ఏమీ తెరవక్కర్లేదు. రెండోది రాస్ప్‌బెర్రీ పై కనెక్ట్, 2024 మేలో బీటాగా వచ్చింది. ఇందులో ఫోన్ బ్రౌజర్‌లోనే బోర్డు కమాండ్ లైన్ తెరుచుకుంటుంది. లైట్ ఓఎస్‌కి ‘ఆర్‌పీఐ కనెక్ట్ లైట్’ అనే ప్యాకేజీ వేసి, ‘ఆర్‌పీఐ కనెక్ట్ ఆన్’, తర్వాత ‘ఆర్‌పీఐ కనెక్ట్ సైన్ఇన్’ కొడితే ఒక లింక్ ఇస్తుంది, దాన్ని ఫోన్‌లో తెరిచి ఒప్పుకోండి. ‘లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్ లింగర్’ కూడా ఒకసారి కొట్టండి. లేకపోతే మీరు బోర్డులో లాగిన్ అయి ఉన్నప్పుడే కనెక్ట్ నడుస్తుంది, కరెంట్ పోయి వచ్చాక ఊళ్లో బోర్డు మీకు దొరకదు. ఏది వాడినా ఆ అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు మీ ఇంటి తాళం ఆ అకౌంటే.

ఆఫ్ చేసేటప్పుడు ప్లగ్ పీకేయకండి. ‘సుడో పవర్‌ఆఫ్’ కొట్టి, గ్రీన్ లైట్ మిణుకులు ఆగి ఆరిపోయాకే పవర్ తీయండి. మన ఊళ్లలో కరెంట్ మనల్ని అడిగి పోదు కాబట్టి, పని పూర్తయిన కార్డుకి ఒక కాపీ తీసి లాప్‌టాప్‌లో దాచుకోండి. ఆ కాపీ ఎలా తీయాలో, ట్యాంకు సెన్సర్ ఎలా తగిలించాలో వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం. ఈలోగా మీకు ఏదైనా ఎర్రర్ వస్తే, ఆ లైన్ మొత్తం రాసి పంపండి. ఉంటాను ఫ్రెండ్స్, బై.